జెండా ఉన్న చోట బేరమాడలేం

2020 అక్టోబరులో అమెరికాలోని యూటా రాష్ట్రంలో టీషర్టులు అమ్ముకునే ఒకాయన ఒక వీడియో పెట్టాడు. దానికి ‘మేడ్ ఇన్ అమెరికా!’ అని పేరు. తన షర్టులు చైనాలో తయారైన సంగతి దాచడం ఎంత తేలికో అందులో ఆయనే నోరారా చెప్పాడు: మెడ దగ్గరున్న ట్యాగు పీకేసి, అమెరికాలో తయారైందని రాసున్న ట్యాగు తగిలిస్తే సరిపోతుందట. ఆయన పేరు షాన్ వేలెన్. కంపెనీ పేరు లయన్స్ నాట్ షీప్, అంటే మేం సింహాలం, గొర్రెలం కాం అని. 2021 మే నుంచి అక్టోబరు దాకా ఆ కంపెనీ నిజంగానే ఆ పని చేసిందని, వ్యాపార మోసాల మీద కన్నేసి ఉంచే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. 2022లో 2,11,335 డాలర్లు కట్టమనీ, ఇకమీదట ఇలాంటి మాటలు చెప్పి అమ్మొద్దనీ ఉత్తర్వు వచ్చింది.

లేబుళ్లు మార్చే మోసం ప్రపంచంలో ఎక్కడైనా ఉన్నదే. నాకు మింగుడుపడనిది ఆ వీడియో. కొనేవాళ్లు చూసే చోటే, వాళ్లకి వినపడేలాగే ఒక వ్యాపారి ఈ మాట అన్నాడంటే, వాళ్లెవరూ తనని నిలదీయరని ఎంత ధీమా ఉండాలి?

ఆ ధీమా ఎక్కడిదో నాకు అర్థమైనంతలో చెబుతాను. జెండా బొమ్మ అమ్ముకోవడం తప్పు కాదు. సైన్యంలో పనిచేసి వచ్చినవాడు వ్యాపారం పెట్టుకోవడం అసలే తప్పు కాదు. కానీ వస్తువుని దేశభక్తితో ముడిపెట్టి అమ్మినప్పుడు, కొనేవాడు మామూలుగా అడిగే ప్రశ్నలు నోట్లోనే ఆగిపోతాయి. ఎక్కడ తయారైంది, ఇంత ధరెందుకు, ఇది నిజంగా పనిచేస్తుందా అని అడిగితే వస్తువుని కాదు, దేశాన్నే శంకించినట్టు అవుతుంది. గుడి మెట్ల దగ్గర కొబ్బరికాయ బజారులో కంటే ఖరీదని అందరికీ తెలుసు. అయినా అక్కడ నిలబడి బేరమాడితే పక్కనున్నవాళ్లు చూసే చూపు ఒకటుంటుంది, దానికి జంకి అడిగినంతా ఇచ్చి లోపలికి వెళ్తాం. యూట్యూబ్‌లో తుపాకుల ఛానెళ్లూ, మాజీ సైనికుల కంపెనీలూ జెండా చూపించి చేసే వ్యాపారం నడిచేది ఆ చూపు మీదే.

నేను డాలస్ దగ్గర ఉంటాను. ఆన్‌లైన్ దుకాణాలకి సాఫ్ట్‌వేర్ రాయడం నా ఉద్యోగం, అందులోనూ కూపన్ కోడ్‌లూ డబ్బు చెల్లించే పేజీలూ చూసే పని. మా అబ్బాయికి పదహారేళ్లు, తుపాకుల ఛానెళ్లంటే పిచ్చి. టెక్సస్‌లో పెరిగే పిల్లాడికి అదేం వింత కాదు. ఏం చూస్తున్నాడో అని పక్కన కూర్చుని చూడటం మొదలుపెట్టాను. కొన్నాళ్లకి వాడి కళ్లు తుపాకీ మీద, నా కళ్లు దాని చుట్టూ అమ్ముడయ్యే సరుకు మీద ఉండేవి. వృత్తిదోషం.

చూడనివాళ్ల కోసం ఒక మామూలు వీడియో ఎలా ఉంటుందో చెబుతాను. గడ్డం, బేస్‌బాల్ టోపీ, టోపీ మీద వెల్క్రోతో అతికించిన జెండా ప్యాచ్. మనిషి సరదాగా మాట్లాడతాడు, తన మీద తనే జోకులేసుకుంటాడు. ఒక పుచ్చకాయ పేలుతుంది, ఒక పాత కారు తలుపుకి చిల్లు పడుతుంది. రెండో నిమిషంలోనో మూడో నిమిషంలోనో మాట మెల్లగా స్పాన్సర్ మీదికి మళ్లుతుంది. అది కాఫీ కావచ్చు, బెల్టు కావచ్చు, కత్తి కావచ్చు, ఇరవై అయిదేళ్లు నిలవుంటుందని చెప్పే అత్యవసర భోజనం డబ్బా కావచ్చు. అమ్మకం మాటలు ఎక్కడా వినపడవు. వీళ్లు మనవాళ్లు, మాజీ సైనికులు నడిపే కంపెనీ, మన విలువలున్న కంపెనీ అన్న ధోరణిలో సాగుతుంది. వీడియో కింద లింకూ, కోడ్‌ ఉంటాయి.

కోడ్ సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి, అది నా రోజువారీ పని కాబట్టి. కొనేవాడికి అది పది శాతం తగ్గింపు. దుకాణానికి మాత్రం ఈ ఆర్డర్ ఏ ఛానెల్ నుంచి వచ్చిందో చెప్పే గుర్తు. ఆ లెక్క మీదే యూట్యూబర్‌కి కమీషన్ వెళ్తుంది. తగ్గింపూ కమీషనూ పోగా లాభం మిగలాలి కాబట్టి మొదటి ధరలోనే రెండూ కలిపేసి ఉంటారు. ఇందులో రహస్యమూ లేదు, తప్పూ లేదు. వేరే దుకాణంలో కోడ్ వాడితే నాకు నాలుగు డబ్బులు మిగిలాయనుకుంటాను. ఇక్కడ కోడ్ వాడితే ఛానెల్‌ని బతికించానని, సైనికుల కుటుంబాలకి అండగా నిలిచానని అనుకోమంటారు. ఆ క్షణంలో కొనుగోలు కాస్తా చందా అయిపోతుంది. చందా ఇచ్చినవాడు సరుకు నాణ్యత గురించి అడగడు.

దీనికో క్యాలెండర్ కూడా ఉంది. మే చివర మెమోరియల్ డే, జులై 4న స్వాతంత్ర్య దినం, 2001 దాడుల రోజు సెప్టెంబరు 11, నవంబరు 11న మాజీ సైనికుల కోసం వెటరన్స్ డే. ఆ వారాల్లో కొత్త టీషర్టు ‘డ్రాప్’ అవుతుంది, అంటే విడుదలవుతుంది, అన్నీ పరిమిత కాలానికే. మెమోరియల్ డే యుద్ధంలో చనిపోయినవాళ్లని తలుచుకునే రోజు. ఆ రోజున ఇరవై శాతం తగ్గింపు అని ఈమెయిల్ వస్తే సైన్యంలో పనిచేసినవాళ్లే చాలామంది చిరాకు పడతారు. మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు, ఇరాక్‌లో పనిచేసి వచ్చాడు. ఆ వారమంతా తన ఇన్‌బాక్స్ తెరవనంటాడు.

‘లాభంలో కొంత భాగం మాజీ సైనికుల సేవాసంస్థకి’ అనే వాక్యం చూసినప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. కొంత అంటే ఎంత? అమెరికాలో సేవాసంస్థల పద్ధతులు పరిశీలించే బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ పెట్టిన ప్రమాణాల్లో ఒకటి సరిగ్గా దీని గురించే. ఒక్కో వస్తువు మీద అసలు ఎంత సొమ్ము వెళ్తుందో, ఎన్నాళ్లు వెళ్తుందో కొనేవాడికి ముందే చెప్పాలని. ఒక్క అంకె రాస్తే అయిపోయే పని. రాసినవాళ్లున్నారు, వాళ్లకి దండం పెడతాను. రాయనివాళ్లకి, ఎవరూ అడగరన్న నమ్మకం ఉంది.

ఇదంతా దురాశతోనే మొదలైందని నేననను. 2017లో పెద్ద కంపెనీలు తమ ప్రకటనలు ఎలాంటి వీడియోల పక్కన వస్తున్నాయో చూసుకుని యూట్యూబ్ నుంచి వెనక్కి తగ్గాయి. తుపాకుల ఛానెళ్లకి ప్రకటనల ఆదాయం పడిపోయింది. 2018 మార్చిలో యూట్యూబ్ నిబంధనలు ఇంకా బిగించింది: తుపాకులూ కొన్ని రకాల విడిభాగాలూ అమ్మే వీడియోలు, అమ్మే చోటికి లింకులిచ్చే వీడియోలు కూడదంది. లక్షలమంది చూసేవాళ్లున్నా ప్రకటనల డబ్బు రాని మనిషి ఏం చేస్తాడు? టీషర్టు అచ్చేస్తాడు. డెమొలిషన్ రాంచ్ అనే ఛానెల్ నడిపిన మ్యాట్ క్యారికర్ టెక్సస్‌లో పశువైద్యుడు. కోటిమందికి పైగా సబ్‌స్క్రైబర్లు. ఆయన మొదలుపెట్టిన బంకర్ బ్రాండింగ్ సొంత సరుకుతోపాటు ఇతర ఛానెళ్ల సరుకూ అమ్ముతుంది. వాళ్ల స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

టీషర్టు ఎందుకు అమ్ముతారో అర్థమైంది. జనం ఎందుకు కొంటారన్నది వేరే ప్రశ్న. దానికి నాకు దొరికిన మంచి జవాబు ఒక లెక్కలో ఉంది. సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్ చెప్పేదాని ప్రకారం 1980లో అమెరికా వయోజనుల్లో సుమారు 18 శాతం సైన్యంలో పనిచేసినవాళ్లు. 2022కి అది 6 శాతమైంది. నిర్బంధ సైనిక సేవ 1973లోనే ఆగిపోయింది. వియత్నాం రోజుల్లో ప్రతి వీధిలోనూ సైన్యానికి వెళ్లొచ్చిన మనిషి ఉండేవాడు, యుద్ధమంటే ఏమిటో ఇంట్లో తెలిసేది. అఫ్గానిస్తాన్‌లో ఇరవై ఏళ్లు యుద్ధం నడిచింది, చాలా ఇళ్లకి దాని సెగే తగల్లేదు. తామేమీ ఇవ్వలేదన్న చిన్న గిల్టీ ఫీలింగ్ చాలామందిలో ఉంది. విమానాశ్రయంలో యూనిఫాం కనిపిస్తే ‘థాంక్యూ ఫర్ యువర్ సర్వీస్’ అనేస్తారు. దానికి పైమెట్టు ఆ యూనిఫాం రంగులోని చొక్కా కొనుక్కోవడం. సైనికులు తగ్గేకొద్దీ సైనికుల్లా కనిపించేవాళ్లు పెరిగారు. ఇది నా ఊహే, కానీ గట్టి ఊహ.

ఈ రంగంలో అందరికంటే ఎత్తుకి వెళ్లిన కంపెనీ బ్లాక్ రైఫిల్ కాఫీ. 2014లో ఇవాన్ హేఫర్ అనే మాజీ గ్రీన్ బెరే, అంటే సైన్యంలోని ప్రత్యేక దళంలో పనిచేసినవాడు, సాల్ట్ లేక్ సిటీలో మొదలుపెట్టాడు. తోడుగా వచ్చినవాళ్లలో ఆర్మీ రేంజర్‌గా పనిచేసిన మ్యాట్ బెస్ట్, ఎయిర్ ఫోర్స్ నుంచి వచ్చిన జారెడ్ టేలర్ ఉన్నారు. వీళ్లిద్దరికీ అప్పటికే ఒక బట్టల కంపెనీ ఉంది, యూట్యూబ్‌లో సైనిక హాస్యంతో పెద్ద పేరుంది. అంటే చూసే జనం ముందు, కాఫీ తర్వాత. ఏకే-47 ఎస్ప్రెసో, సైలెన్సర్ స్మూత్ లాంటి పేర్లు పెట్టారు. వీడియోలు నిజంగానే నవ్విస్తాయి, ఆ మాట ఒప్పుకోవాలి.

2017 జనవరిలో స్టార్‌బక్స్ అయిదేళ్లలో పదివేల మంది శరణార్థులకి ఉద్యోగాలిస్తామంది. వెంటనే బ్లాక్ రైఫిల్, మేం పదివేల మంది మాజీ సైనికులకి ఇస్తామంది. సోషల్ మీడియా ఊగిపోయింది. ఇప్పుడు ఎవరూ అడగని ప్రశ్న: స్టార్‌బక్స్ మాజీ సైనికులకి ఏం చేసింది? 2013లోనే, అయిదేళ్లలో పదివేల మంది మాజీ సైనికుల్నీ సైనికుల జీవిత భాగస్వాముల్నీ తీసుకుంటామని ఆ కంపెనీ ప్రకటించింది. 2017లో ఆ లక్ష్యాన్ని 2025 నాటికి పాతికవేలకి పెంచింది. అంటే ఒకరు అప్పటికే చేస్తున్న పనిని ఇంకొకరు ఇకమీదట చేస్తామని చెప్పి, చప్పట్లన్నీ పట్టుకుపోయారు. స్టార్‌బక్స్ మీద నాకేమీ ప్రేమ లేదు, వాళ్ల కాఫీ నాకు మాడువాసన. కానీ ఆ రోజున ఒక్క నిమిషం వెతికి చూసి ఉంటే ఎవరికైనా ఈ సంగతి దొరికేది. వెతకాలనే అనిపించనివ్వకపోవడమే ఈ ప్రచారంలో ఉన్న నేర్పు.

కాఫీ గింజల సంగతీ అంతే. హవాయి, ప్యూర్టో రికోల్లో కొంచెం తప్ప అమెరికా నేల మీద కాఫీ పెద్దగా పండదు. వేయించేది అమెరికాలో, గింజ బయటిది. అరకు పేరు పెట్టి అమ్మే కాఫీలో కనీసం గింజ అరకుదే అయి ఉండాలని మనం ఆశిస్తాం కదా. దేశభక్తి కాఫీని ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

2022 ఫిబ్రవరిలో ఆ కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌ఛేంజికి వచ్చింది. అప్పటికి దాని విలువ దాదాపు 170 కోట్ల డాలర్లని లెక్కగట్టారు. కొన్ని వారాల్లో షేరు 30 డాలర్లు దాటింది, 2023 చివరికి అయిదు డాలర్ల లోపుకి పడింది. అమ్మకాలు మాత్రం 2023 దాకా ఏటా పెరుగుతూనే వచ్చాయి, ఇప్పుడు వాల్‌మార్ట్ అరల్లో కూడా దొరుకుతుంది. అంటే సరుకు సరుకుగా బతికే దారిలోనే ఉంది.

ఆ కంపెనీ అసలు చిక్కులో పడింది అంతకుముందే, 2020 నవంబరులో. విస్కాన్సిన్ రాష్ట్రంలోని కెనోషాలో నిరసనల మధ్య ఇద్దరిని కాల్చి చంపిన కేసులో కైల్ రిటెన్‌హౌస్ అనే కుర్రాడు బెయిల్ మీద బయటికొచ్చాడు. తుపాకీ హక్కులవాళ్లు చాలామంది అతన్ని హీరోగా చూశారు. తర్వాతి ఏడాది జ్యూరీ అతను నిర్దోషి అంది, అది వేరే సంగతి. బెయిల్ మీద వచ్చిన రోజు ఫొటోలో అతని ఒంటి మీద బ్లాక్ రైఫిల్ టీషర్టు ఉంది. ఆ కంపెనీ స్పాన్సర్ చేసే ఒక షో నిర్వాహకుడు ఆ ఫొటో పెట్టి, ఇతను దేశంలోకెల్లా మంచి కాఫీ తాగుతున్నాడని రాసి, తగ్గింపు కోడ్ కూడా జోడించాడు. కోడ్‌లతో పనిచేసే మనిషిగా చెబుతున్నాను, ఈ వ్యాపారం మొత్తాన్ని ఒక్క పోస్టులో చూపించమంటే నేను దీన్నే చూపిస్తాను. ఇద్దరి ప్రాణాలు పోయిన కేసు, కింద తగ్గింపు.

హేఫర్ వెంటనే, మాకూ అతనికీ సంబంధం లేదన్నాడు. అంతే, నిన్నటిదాకా చొక్కాలు కొన్నవాళ్లే ద్రోహి అన్నారు, నెలనెలా కాఫీ తెప్పించుకునే సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేసుకున్నారు. 2021 జనవరి 6న కాపిటల్ (అమెరికా పార్లమెంటు) భవనంలోకి చొరబడినవాళ్లలో, చేతిలో ప్లాస్టిక్ సంకెళ్లతో ఫొటోకెక్కిన మనిషి తల మీద అదే కంపెనీ టోపీ. ఆ ఏడాది జులైలో న్యూయార్క్ టైమ్స్ పత్రికతో మాట్లాడుతూ జాత్యహంకారులు తమ కొనుగోలుదార్లుగా అక్కర్లేదన్న అర్థంలో హేఫర్ గట్టిగానే చెప్పాడు. మళ్లీ తిట్లు పడ్డాయి. మొదట్లో కొనేవాడికి ప్రశ్న అడిగే వీలు పోయిందన్నాను. ఇక్కడ అమ్మేవాడికి జవాబు చెప్పే వీలు కూడా పోయింది. నువ్వు మాలో ఒకడివి అని చెప్పి అమ్మాక, నువ్వు మాలో ఒకడివి కాదు అనే హక్కు నీకు మిగలదు.

2024 జులై 13న పెన్సిల్వేనియాలోని బట్లర్‌లో ట్రంప్ మీద కాల్పులు జరిపిన కుర్రాడు వేసుకున్నది డెమొలిషన్ రాంచ్ టీషర్టు. క్యారికర్ వీడియో పెట్టి తన దిగ్భ్రాంతి చెప్పుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టడం అన్యాయం. టీషర్టు ఎవరు తొడుక్కుంటారో అచ్చేసినవాడి చేతుల్లో లేదు, పైగా ఆ ఛానెల్‌లో రాజకీయం చాలా తక్కువ. మా అబ్బాయి దగ్గర కూడా అలాంటి చొక్కా ఒకటి ఉండేది. ఆ వారం స్కూలుకి వేసుకెళ్లొద్దన్నాను, వాడు వాదించకుండా అలమరలో పెట్టేశాడు.

ఇక ‘ట్యాక్టికల్’ అనే మాట, అంటే సైనికులకీ పోలీసులకీ పనికొచ్చే రకం అని. అమెరికాలో తయారైందని రాయడానికి ఒక నియమం ఉంది. పూర్తిగా లేదా దాదాపు పూర్తిగా అక్కడే తయారై ఉండాలి, 2021 ఆగస్టు నుంచి ఆ నియమం తప్పితే జరిమానా కూడా ఉంది. ట్యాక్టికల్ అని రాయడానికి అలాంటి నియమమేదీ లేదు. పెన్నుకి రాయొచ్చు, డైపర్ సంచీకి రాయొచ్చు, రెండూ అమ్ముతున్నారు. ఈ రంగంలో పెద్ద పేరున్న 5.11 ప్యాంటు మొదట్లో కొండలెక్కేవాళ్ల కోసం పుట్టింది. రాయల్ రాబిన్స్ అనే పర్వతారోహకుడి కంపెనీ తయారుచేసింది. 5.11 అన్నది రాయి ఎక్కడం ఎంత కష్టమో చెప్పే అంకె. వర్జీనియాలోని క్వాంటికోలో ఎఫ్‌బీఐ శిక్షణకి వచ్చేవాళ్లు ఆ ప్యాంట్లు వాడటం మొదలుపెట్టాక, 2003 నాటికి అది విడి బ్రాండైంది. జేబులు బాగుంటాయి, గట్టి ప్యాంటు. కొండ పేరుతో అమ్మినా కొనొచ్చు.

ప్యాంటుతో పోయేదేమీ లేదు. టూర్నికేతో పోతుంది. చేతికో కాలికో పెద్ద గాయమై రక్తం ధారగా పోతుంటే పైన బిగించి కట్టే పట్టీ అది. అమెరికా సైన్యంలో వాడేవాటిలో బాగా పేరున్నది ‘క్యాట్’, నార్త్ అమెరికన్ రెస్క్యూ అనే కంపెనీ అమ్ముతుంది. దాని నకళ్లు ఆన్‌లైన్‌లో చాలా తక్కువ ధరకి దొరుకుతాయి, చూడటానికి అచ్చం అలాగే ఉంటాయి, మెలితిప్పే పుల్ల దగ్గర విరిగిపోవచ్చు. ఆ కంపెనీ ఈ నకళ్ల గురించి ఎన్నోసార్లు హెచ్చరించింది. బెల్టు మీద జెండా ప్యాచ్ పక్కన టూర్నికే పెట్టుకుని చూపించే వీడియోలు బోలెడు. అది అసలో నకలో ఎలా తెలుస్తుందో చెప్పేవి వెతికి పట్టుకోవాలి. బుల్లెట్‌ని ఆపే పలకలదీ ఇదే కథ. అమెరికా న్యాయశాఖకి చెందిన ఎన్‌ఐజే సంస్థ పరీక్షించి ధ్రువీకరించడం ఒకటి, ఆ ప్రమాణాలకి తగ్గట్టు మేమే పరీక్షించుకున్నాం అని అమ్మేవాడు రాసుకోవడం ఇంకొకటి. స్పాన్సర్ చెప్పే ముప్పై సెకన్లలో ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి. అడగాల్సిన ప్రశ్న అడగనివ్వకపోతే ఏమవుతుందంటే, ఇది.

భయాన్ని మరీ బాహాటంగా అమ్మినవాడు ఆస్టిన్‌లో కుట్ర కథల షో నడిపిన అలెక్స్ జోన్స్. శాండీ హుక్ స్కూల్లో పిల్లల్ని కాల్చి చంపిన ఘటన నాటకమని ప్రచారం చేసినందుకు 2022లో కోర్టులు వందకోట్ల డాలర్లకి పైగా కట్టమన్నాయి. ఆ విచారణలో బయటికొచ్చిన లెక్క: 2018లో కొన్ని రోజుల్లో ఆయన దుకాణం రోజుకి 8 లక్షల డాలర్ల సరుకు అమ్మింది. దేశం కూలిపోతోందని ముందు గంటసేపు చెప్పడం, తర్వాత మందు బిళ్లలూ నిలవ భోజనమూ అమ్మడం. 2020 మార్చిలో న్యూయార్క్ అటార్నీ జనరల్, వెండి కలిపిన టూత్‌పేస్టు కరోనాని చంపుతుందని చెప్పడం ఆపమని ఆయనకి నోటీసు పంపింది. కాఫీ అమ్మేవాళ్లని ఈయనతో ఒకే గాటన కట్టను. కానీ దారి ఒకటే, ఈయన చివరిదాకా నడిచాడు.

తమాషా ఏమిటంటే ఈ వ్యాపారం జెండా మర్యాదకి సరిపోదు. 1942లో చట్టంగా మారిన అమెరికా జెండా నియమావళి, జెండాని బట్టలుగా వాడొద్దంటుంది, ఏ రకంగానూ ప్రకటనలకి వాడొద్దంటుంది. దానికి శిక్ష లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఒకప్పుడు పట్టించుకున్నారు. సీసా మీద జెండా బొమ్మ వేసి బీరు అమ్మినందుకు నెబ్రాస్కాలో ఇద్దరికి జరిమానా వేస్తే, 1907లో సుప్రీం కోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. 1984లో మా డాలస్‌లోనే రిపబ్లికన్ సదస్సు బయట ఒకతను జెండా తగలబెట్టాడు. ఆ కేసులో 1989లో అదే కోర్టు, అది కూడా భావప్రకటనే అంది. మాట్లాడే హక్కు అంత విశాలంగా ఉన్న దేశంలో జెండా లుంగీ అమ్మినా అడిగేవాడు లేడు, ఉండకూడదనే నా అభిప్రాయం కూడా. జెండాని కాల్చడం పాపమనేవాళ్లు దాన్ని చెమట తుడుచుకునే తువ్వాలుగా అమ్మడం మీద మాత్రం నోరు మెదపరు. నాకు ఎబ్బెట్టుగా ఉండేది అదే.

మన దగ్గర కథ వేరు. 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టాన్ని 2005లో సవరించాక నడుము కింద వేసుకునే బట్టలమీద, దిండ్లమీద, చేతిరుమాళ్లమీద జెండా వేస్తే శిక్ష ఉంది. భారత సైన్యం 2022లో తెచ్చిన కొత్త పోరాట దుస్తుల డిజైన్‌ని తన పేర రిజిస్టర్ చేయించుకుంది, బయట అమ్మితే చట్టవిరుద్ధం. 2016లో పఠాన్‌కోట్ దాడి తర్వాత సైన్యాన్ని పోలిన దుస్తులు వేసుకోవద్దని పౌరులకి చెప్పారు కూడా. హైదరాబాద్‌లో మా అన్నయ్య కొడుకు ఇక్కడి వీడియోలు చూసి ఆకుపచ్చ మచ్చల బ్యాగు తెమ్మన్నాడు. “బాబాయ్, ఇక్కడ దొరికేవి డూప్లికేట్” అన్నాడు. నల్ల రంగుది తీసుకెళ్లాను.

అమెరికాలోని తెలుగువాళ్ల గురించి ఒక మాట. జులై 4న మా కాలనీలో జెండా టీషర్టులు వేసుకునేవాళ్లలో మనవాళ్లే ఎక్కువనిపిస్తుంది. పిల్లలతో సహా కుటుంబమంతా ఒకే చొక్కా. అందులో సంతోషం ఉంది, నిజమైన కృతజ్ఞత ఉంది. ఇంకొకటి కూడా ఉంది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతేలో శ్రీనివాస్ కూచిభొట్లని, నా దేశం నుంచి వెళ్లిపో అని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. కాల్చినవాడు నౌకాదళంలో పనిచేసినవాడు. ఆ హత్యకీ ఈ దుకాణాలకీ ఏ సంబంధమూ లేదు, ముడిపెట్టను. కానీ ఆ తర్వాత మనవాళ్లు కొందరికి జెండా చొక్కా వేడుక బట్ట మాత్రమే కాదు, రక్షణ కూడా. మేమూ మీవాళ్లమే అని ఛాతీ మీద రాసుకుని తిరగడం. వాళ్లకి ఆ చొక్కా ధర ముప్పై డాలర్లా నలభై డాలర్లా అన్న ఆలోచనే రాదు. బేరమాడలేని కొనుగోలుదారుల్లో అందరికంటే ముందున్నది మనమే.

అందరూ అమ్ముతున్నదేగా, పర్యావరణం పేరుతో, సమానత్వం పేరుతో బట్టలు అమ్మేవాళ్లు లేరా అని అడగొచ్చు. ఉన్నారు. ఆ బూటకాల గురించి రాసేవాళ్లూ ఉన్నారు, ఆ సరుకు కొన్నవాళ్లే ముందు తిట్టిపోస్తారు. జెండా సరుకు కొన్నవాళ్లు తిట్టడానికి జంకుతారు, నేను చూసినంతలో తేడా అదే. ఒక వీడియో కింద టీషర్టు ఎక్కడ కుట్టారని మర్యాదగా అడిగాను. ఛానెల్ వాళ్లు పలకలేదు. చూసేవాళ్లు మాత్రం పలికారు, నా పేరు చూసి నన్ను ఎక్కడికి వెళ్లమన్నారో మీరు ఊహించుకోవచ్చు.

మా అబ్బాయి ఈ మధ్య ఇంకో చొక్కా కావాలన్నాడు, ఛాతీ మీద జెండా, వీపు మీద డేగ. సొంత డబ్బే, వేసవిలో ఈతకొలను దగ్గర పనిచేసి సంపాదించింది. కొనొద్దనలేదు. కొనే ముందు వాళ్లకి ఈమెయిల్ రాయి, ఏం రాయాలో నువ్వే ఆలోచించుకో అన్నాను. మూడు వాక్యాలు రాశాడు. రెండు రోజులకి జవాబొచ్చింది, మర్యాదగానే ఉంది: చొక్కా హోండురాస్‌లో కుట్టింది, డిజైనూ అచ్చూ టెక్సస్‌లో, సేవాసంస్థకి ఒక్కో చొక్కా మీద రెండు డాలర్లు వెళ్తాయి. ఇంత సూటిగా చెప్పగలిగినవాళ్లు ఇదే సంగతి వీడియోలో ఎందుకు చెప్పరో నాకు అర్థం కాలేదు. “చెప్తే ఎవరూ కొనరేమో డాడీ” అన్నాడు వాడు. అని, కోడ్ కొట్టి కొనుక్కున్నాడు.